కఫ్సేసె డైరీ: ‘ప’ను పోగొట్టుకున్న భాష

జూన్ 15, ఆదివారం

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లాటిన్ వ్యాకరణం ఒకటి దొరికింది. అట్ట లేదు, ముందు పేజీలూ లేవు, రాసిందెవరో తెలిసే దారి లేదు. ఎనభై చెప్పాడు, నలభైకి ఇచ్చాడు. ఆరేడు నెలలుగా బుర్రలో నానుతున్న పనికి ఇవాళ కొబ్బరికాయ కొట్టినట్టే.

పని ఇదీ: లాటిన్‌కి ఇంకో కూతుర్ని పుట్టించాలి. ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచ్, రొమేనియన్, సార్డీనియన్ అన్నీ లాటిన్ జనం నోట్లో నలిగి, అరిగి తయారైనవే. వీటిని రొమాన్స్ భాషలంటారు. (ప్రేమకీ దీనికీ సంబంధం లేదు, రోమ్ నుంచి వచ్చిన మాట. ఆఫీసులో ఈ సంగతి ఇప్పటికే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.) అదే దారిలో, చరిత్రలో లేని ఒక భాషను తయారుచేస్తాను. మాటలు నాకు నచ్చినట్టు పుట్టించడం కాదు. లాటిన్ మాట తీసుకుని దాని మీద ధ్వని మార్పుల నియమాలు వరసగా నడపాలి. చివరికి ఏది మిగిలితే అదే మాట. ఈ పిచ్చి నాకొక్కడికే కాదు. 1996లో న్యూజిలాండ్ ఆయన ఒకరు వెల్ష్ భాష అరిగిన దారిలోనే లాటిన్‌ను అరగదీసి బ్రిథెనిగ్ అనే భాష మొదలుపెట్టారు.

ఎక్కడి జనం మాట్లాడతారన్నది ముందు తేలాలి. మొదటి ఆలోచన మనవాళ్లెవరికైనా వచ్చేదే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయి, నాగార్జునకొండలో బంగారు నాణేలు దొరికాయి, కాబట్టి కృష్ణ ఒడ్డున రోమన్ల ఊరొకటి కడితే? రెండు రోజులు ఊహించి వదిలేశాను. నాణెం వచ్చినంత మాత్రాన భాష రాదు. ఆ వర్తకులు రుతుపవనాల గాలి పట్టుకుని వచ్చేవాళ్లు, గాలి మళ్లాక వెళ్లిపోయేవాళ్లు. వాళ్లలో చాలామంది మాట్లాడింది గ్రీకు. ఒకరిద్దరు ఉండిపోయినా పిల్లలు అమ్మ భాషే మాట్లాడతారు. ఒక భాష నిలవాలంటే పొలం పనులు, బేరాలు, తగాదాలు, తిట్లు, జోలపాటలు అన్నీ అందులోనే జరగాలి.

జూన్ 19

ఊరు దొరికింది. ట్యునీషియాలోని గఫ్సా. రోమన్ల కాలంలో దాని పేరు ‘కప్స’. వాళ్లు కట్టిన నీటి తొట్లు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

ఉత్తరాఫ్రికా కొన్ని వందల ఏళ్లు లాటిన్ మాట్లాడిన నేల. క్రైస్తవ బోధకుడు సెయింట్ ఆగస్టీన్ అక్కడివాడే, క్రీ.శ. 354లో ఇప్పటి అల్జీరియాలో పుట్టాడు. 698లో అక్కడి పెద్ద నగరం కార్తేజ్ అరబ్బుల చేతికి వెళ్లాక లాటిన్ మెల్లగా ఇంకిపోయింది. మెల్లగా అంటే చాలా మెల్లగా. 12వ శతాబ్దంలో అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు, గఫ్సా జనంలో ఎక్కువమంది ఆఫ్రికా లాటిన్ మాట్లాడతారని రాసిపెట్టాడు. అది మరో ఎనిమిది వందల ఏళ్లు బతికి, ఇవాళ గఫ్సా బస్టాండులో వినపడితే ఎలా ఉంటుంది? అదే నా భాష.

చేతిలో కొన్ని ఆధారాలున్నాయి. అక్కడి బెర్బర్ భాషలు లాటిన్ నుంచి తీసుకున్న మాటల్ని ఇంకా వాడుతున్నాయి. తోటకి ‘ఉర్తి’, లాటిన్‌లో ‘హొర్తుస్’. కొత్త సంవత్సరం పండుగ ‘యెన్నాయెర్’, అంటే మన జనవరి పేరే. కోడికి ‘అఫుల్లుస్’, లాటిన్‌లో ‘పుల్లుస్’ అంటే కోడిపిల్ల. ఈ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ‘ప’ వెళ్లి ‘ఫ’ అయింది.

నిజమా, ఒక్క మాటను పట్టుకుని నియమం పెట్టేయొచ్చా అని మల్లేపల్లి దోస్తుని అడిగాను. అరబ్బీ బాగా చదువుకున్నవాడు. “ఇందులో అడిగేదేముంది భాయ్, నువ్వే ఒక అఫ్లాతూన్‌వి” అని నవ్వాడు. ఒక నిమిషం నాకు అర్థం కాలేదు. అఫ్లాతూన్ అంటే గ్రీకు తత్వవేత్త ప్లేటో! గ్రీకులో ప్లాతోన్, అరబ్బీలో ‘ప’ లేదు కాబట్టి అఫ్లాతూన్. హైదరాబాద్‌లో తెలివి ఎక్కువైనవాణ్ని తిట్టడానికి వాడతాం. పార్సీ ఫార్సీ అయిందీ అలాగే. (గల్ఫ్‌లో పదేళ్లు చేసి వచ్చిన పక్కింటాయన మాత్రం అక్కడ పెప్సీని ‘బెప్సీ’ అంటారని అడ్డం తిరిగాడు. అది కొత్త కాలపు అరువు, పాత అరువు కాదు అని సర్దిచెప్పుకున్నాను.)

నియమం ఖాయం: ప అంతా ఫ. రొట్టె ‘పానెమ్’, ఇక ‘ఫానె’. చేప ‘పిస్కెమ్’, ఇక ‘ఫిస్కె’.

జూన్ 22, ఆదివారం

అచ్చులు. ఇవాళంతా ఇదే పని, ఎక్కువసేపు సంతోషంగానే గడిచింది.

లాటిన్ అచ్చులు ఎన్ని అంటే ఐదూ, వాటి దీర్ఘాలూ కలిపి పది. కాగితం మీద రాస్తే అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ. ఇవి పూర్తిగా మనవే! హిందీ లిపిలో రాద్దామంటే హ్రస్వ ఎ, ఒలకి మామూలుగా అక్షరాలే లేవు. ఆ ఫుట్‌పాత్ పుస్తకంలో అచ్చుల మీద గీతలూ వంపులూ పెట్టి తంటాలు పడ్డారు. తెలుగులో ఏ తంటా లేకుండా దిగిపోతుంది. దారం ‘ఫీలుమ్’, వెంట్రుక ‘పిలుమ్’. నోరు ‘ఓస్’, ఎముక ‘ఒస్’. చదివేవాడికి అనుమానమే రాదు.

తర్వాతే బాధ. రొమాన్స్ భాషలన్నీ మొదట చేసిన పని ఈ హ్రస్వ దీర్ఘాల తేడాను పోగొట్టుకోవడం. కలానికీ కాలానికీ తేడా లేని భాషను ఊహించుకోవడం తెలుగువాడికి ఎంత కష్టమో నాకు ఇవాళే తెలిసింది. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ వైపు పది అచ్చులూ కలిసి ఏడయ్యాయి. హ్రస్వ ఇ, దీర్ఘ ఏతో కలిసిపోయింది. అందుకే ‘పిస్కెమ్’ ఇటాలియన్‌లో ‘పెషె’. సార్డీనియా ద్వీపంలో అంత గందరగోళం లేదు. ఇ ఈ కలిసి ఇ, ఉ ఊ కలిసి ఉ, లెక్క ఐదుకి సరి. అక్కడ చేప ఇంకా ‘పిస్కె’నే.

గఫ్సాకి ఏ దారి? ఆగస్టీనే సాక్ష్యం చెప్పాడు. ఆఫ్రికావాళ్ల చెవులకి ‘ఒస్’, ‘ఓస్’ తేడా తెలియదు, కాబట్టి ఎముక అని చెప్పాలంటే పండితులు ఒప్పుకోని ‘ఒస్సుమ్’ అన్నా తప్పులేదు, జనానికి అర్థం కావడం ముఖ్యం అన్నాడు. బోధకుడంటే అలా ఉండాలి. సార్డీనియా దారే తీసుకున్నాను. ఐదు అచ్చులు. దీర్ఘం అర్థాన్ని మార్చదు. కానీ ఒత్తి పలికే అక్షరం విడిగా ఉంటే కొంచెం సాగుతుంది, ఇటాలియన్‌లో లాగే. అందుకే ఈ డైరీలో ‘ఫానె’ అని రాస్తున్నాను.

జూన్ 26

మెట్రోలో తార్నాక నుంచి రాయదుర్గం దాకా ఒక్కటే ఆలోచన: ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలి? లాటిన్ నియమం పుస్తకంలో ఒకటిన్నర పేజీ ఉంది. మూడుసార్లు చదివాక నవ్వొచ్చింది. ఇది తొమ్మిదో తరగతి గణవిభజన. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దాని మీద. లఘువైతే ఒకటి వెనక్కి జరిగి మూడో దాని మీద. గురువంటే ఏమిటన్నదీ దాదాపు మన లెక్కే: దీర్ఘం గానీ, తర్వాత జంట హల్లు గానీ ఉండాలి. ఛందస్సు వల్ల ఏం ఉపయోగం అని అప్పట్లో తెలుగు సారుని అడిగి బెంచీ ఎక్కాను.

దీనితో పనేమిటంటే, ఊనిక లేని మధ్య అచ్చు ఎగిరిపోతుంది. కన్ను ‘ఒకులుమ్’. ‘కు’ లఘువు, ఊనిక ‘ఒ’ మీద, కాబట్టి ‘కు’లో ఉకారం పోయి ‘ఒక్లు’. అక్కడి నుంచి ఇటాలియన్ ‘ఒక్కియో’ అని, స్పానిష్ ‘ఓహో’ అని పోయాయి. మనం తెలుసు అని రాసి ‘తెల్సు’ అన్నట్టే.

ఇలా అనకూడదని పోరిన పంతుళ్లు అప్పుడూ ఉన్నారు. ‘అపెందిక్స్ ప్రోబి’ అనే పాత జాబితాలో 227 తప్పొప్పులున్నాయి. “స్పెకులుమ్ నోన్ స్పెక్లుమ్” అంటుంది, అంటే అద్దాన్ని స్పెకులుమ్ అనాలి, స్పెక్లుమ్ అనకూడదు. “కలిద నోన్ కల్ద.” “వెతులుస్ నోన్ వెక్లుస్.” ఇవాళ ఇటాలియన్‌లో వేడి ‘కల్దా’, ముసలి ‘వెక్కియో’. పంతులు కొట్టేసిన మాటలే నిలబడ్డాయి. మనకీ ప్రకృతి వికృతి అని పట్టిక ఉంది, భక్తి బత్తి, విద్య విద్దె. కానీ అందులో తిట్టడం లేదు, పక్కపక్కన కూర్చోబెట్టారు. ‘క్రింద’ అని రాయకపోతే మార్కులు తీసేసిన మా సారు మాత్రం అచ్చంగా ప్రోబి వంశమే.

జూలై 3

మనుషులందరూ లాటిన్ అనగానే ‘చ’ కోసం చూస్తారు. వందకి లాటిన్‌లో ‘కెంతుమ్’. ఇటాలియన్‌లో ‘చెంతో’, ఫ్రెంచ్‌లో మొదటి ధ్వని ‘స’. ఎ, ఇ ముందు క మెత్తబడటం రొమాన్స్ భాషల ముద్ర లాంటిది. సార్డీనియన్‌లో మాత్రం ఇంకా ‘కెంతు’. నేను అచ్చుల్లో సార్డీనియాని అనుసరించాను కాబట్టి ఇక్కడా అదే చేయాలా, లేక ‘చెంతు’ అంటే ఇంకొంచెం అందంగా ఉంటుందా?

లంచ్‌లో ఈ గొడవ మా టీమ్‌లో బళ్లారి ఆయనకి చెప్పాను. ఆయన చేతిలో ముద్ద అలాగే పట్టుకుని “మీరు మా మాటల్ని చేసిందదే కదా గురూ” అన్నాడు. మేం చెవి అంటే వాళ్లు కివి. మేం చేయి, వాళ్లు కై. మేం చెడు, వాళ్లు కెడు. పాత క మెత్తబడి తెలుగులో చ అయింది, కన్నడ కదల్లేదు. అంటే ఈ లెక్కలో మనం ఇటలీ, బళ్లారివాళ్లు సార్డీనియా. నాకు తెలియకుండానే నేను పుట్టినప్పటి నుంచీ నోట్లో ఈ నియమాన్ని తిప్పుతున్నాను.

ఆయన అక్కడితో ఆగలేదు. మన పాలు వాళ్లకి హాలు, పులి హులి. స్పానిష్‌లో ఇలాంటిదే ఫకి జరిగింది. లాటిన్ ‘ఫకెరె’ వాళ్లకి ‘అసేర్’ అయింది, ఆ ఫ ముందు హ అయి, తర్వాత ఊపిరి కూడా పోయి రాతలో మాత్రం మిగిలింది. నా ‘ఫ’ కూడా ఇంకో ఐదొందల ఏళ్లకి అలా పోవచ్చు. పోనీ, అది నా మనవల సమస్య.

‘కెంతు’ ఉంచేశాను. ‘చ’ మీద మోజు తెలుగు నోటిది, గఫ్సా నోటిది కాదు.

జూలై 8

పది నియమాలు, 312 మాటలు. కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసి ఎక్కించాను. టెస్టింగ్ ఉద్యోగం చేసేవాడికి ఇదొక్కటే సుఖం: తప్పు ఎక్కడుందో వెతకడం తెలుసు.

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. సికింద్రాబాద్ అంతా డప్పులు, రోడ్లు మూసేశారు, నేను ఇంట్లో కూర్చుని ఊరి పేరు దగ్గర ఇరుక్కున్నాను.

జరిగిందిది. ప తర్వాత త గానీ స గానీ వస్తే ప కలిసిపోయి హల్లు జంట అవుతుందని నియమం పెట్టాను. ఏడు, ‘సెప్తెమ్’, ఇటాలియన్‌లో ‘సెత్తె’ అయినట్టు. ‘ఇప్సుమ్’, అంటే తాను, సార్డీనియాలో ‘ఇస్సు’ అయినట్టు. చక్కగా నడిచింది. సరదాకి ఊరి పేరు ‘కప్స’ కూడా ఎక్కించాను. ప్రోగ్రామ్ ‘కస్స’ అని ఇచ్చింది.

కానీ ఊరు గఫ్సా! నిజంగా ఉన్న ఊరు, నిజంగా ఆ పేరుతోనే పిలుస్తున్న జనం. అక్కడ ప పోలేదు, ఫ అయి కూర్చుంది. నా దగ్గరున్న గట్టి సాక్ష్యాల్లో ఇదొకటి, దాన్నే నా నియమం కొట్టేసింది. ఊరి పేర్లు వేరు, వాటికి మినహాయింపు ఇద్దాం అని మధ్యాహ్నం దాకా నాకు నేనే లాయరుగిరీ చేసుకున్నాను. ధ్వని మార్పుకి కళ్లుండవు. అది ఊరా, చేపా, దేవుడా అని చూడదు. ఒక్కదానికి మినహాయిస్తే ఇక నచ్చని ప్రతి మాటకీ ఇస్తాను.

సాయంత్రం ఆ నియమం తీసేశాను. ఏడు ‘సెఫ్తె’ అయింది. భాష పేరు కూడా అప్పుడే తేలింది. కప్స ఊరిది అనడానికి లాటిన్‌లో ‘కప్సేన్సెమ్’. చివరి మ పోతుంది, స ముందు న పోతుంది (బల్ల ‘మేన్స’ స్పానిష్‌లో ‘మేసా’ అయినట్టు), ప ఫ అవుతుంది. కఫ్సేసె.

“కాఫీ సేసే భాషా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి. విజయనగరం పిల్లని చేసుకుంటే ఇదే తంటా.

జూలై 16

ఏడు బాగుంది. తగలబడింది ‘ఇప్సుమ్’. దాంట్లోంచి నేను ఇంగ్లీషు ‘ది’ (the) లాంటి మాట తీయాలి. లాటిన్‌లో ఆ మాటే లేదు, మనకీ లేదు. చాలా రొమాన్స్ భాషలు ‘ఇల్లె’, అంటే ఆ, అనే మాటను అరగదీసి ‘ఎల్’, ‘ఇల్’, ‘ల’ చేసుకున్నాయి. రొమేనియన్ అయితే దాన్ని మాట వెనకాల తగిలించింది, తోడేలు ‘లూప్’, ఆ తోడేలు ‘లూపుల్’. సార్డీనియా మాత్రం ‘ఇప్సె’ తీసుకుని ‘సు’, ‘స’ చేసింది, మయోర్కా ద్వీపంలో కూడా అలాంటిదే వినిపిస్తుంది. నాకు ‘సు’, ‘స’ మీద మనసు. కానీ కొత్త నియమం ప్రకారం వచ్చేది ‘ఇఫ్సు’. ఇఫ్సు ఫిస్కె, ఇఫ్సు ఫానె. ప్రతి మాట ముందూ తుమ్మినట్టుంది.

మూడు రోజులు తుమ్మాక తోచింది. రోజుకి వెయ్యిసార్లు, ఊనిక లేకుండా పలికే మాట మిగతావాటి కన్నా త్వరగా అరుగుతుంది. ‘చేస్తూ ఉన్నాను’లో ‘ఉన్నాను’ విడిగా ఉంటే చెక్కుచెదరదు, ఇంకో మాట తోకకి తగులుకుంటే ‘చేస్తున్నాను’ అయిపోతుంది. కాబట్టి ఒత్తి పలికినప్పుడు ‘ఇఫ్సు’, అర్థం తాను, స్వయంగా. మాట ముందు ఊతంగా వచ్చినప్పుడు ‘సు’. ఒకే మాట రెండుగా చీలింది. ఇది మినహాయింపు కాదా అంటే, కాదు. ఎప్పుడు జరుగుతుందో ముందే చెప్పగలను కాబట్టి ఇదీ నియమమే.

జూలై 21

అల్మారా చాబీ పోయింది. మేస్త్రీని పిలిచాం. తాళం విరగ్గొట్టి మూడొందలు తీసుకున్నాడు.

డబ్బులిస్తుంటే వెలిగింది. అల్మారా పోర్చుగీసు, దాని వెనక లాటిన్ ‘అర్మారియుమ్’. చాబీ పోర్చుగీసు ‘షావె’, వెనక ‘క్లావెమ్’. మేస్త్రీ ‘మెస్త్రె’, వెనక ‘మగిస్త్రుమ్’. మా ఇంట్లో మూడు మాటల వాక్యం, మూడూ లాటిన్ మనవలే. కఫ్సేసెలో చాబీ ‘క్లావె’. పట్టికలో చేర్చాను, 313.

జూలై 27, ఆదివారం

గొడవల రోజు. నియమాలకి కళ్లు లేవని గొప్పగా రాసుకున్నాను కదా, ఇవాళ అవి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

వెంట్రుక ‘పిలుమ్’, దారం ‘ఫీలుమ్’. ఇ ఈ కలిశాయి, ప ఫ కలిశాయి. రెండూ ‘ఫీలు’. శాంతి ‘పాకెమ్’, కాగడా ‘ఫకెమ్’. రెండూ ‘ఫాకె’. చర్మమూ పైత్యమూ రెండూ ‘ఫెల్లె’. నాన్న ‘ఫాత్రె’, అన్న ‘ఫ్రాతె’ (ఒకే మాటలో రెండు రలు ఉంటే ఒకటి జారిపోవడం ఇటాలియన్, రొమేనియన్‌లోనూ ఉంది). ఒక వత్తు అటుదిటు అయితే వరసలే మారిపోతాయి.

అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. ఆఫ్రికా శాసనాల్లో బ, వ తారుమారు కావడం బాగా కనిపిస్తుంది కాబట్టి మాట మొదట్లో రెండూ బ, అచ్చుల మధ్య రెండూ వ అని పెట్టాను. బతుకు ‘వీత’, ఇక ‘బీత’. ఇప్పుడు జీవించడం ‘వీవెరె’, తాగడం ‘బిబెరె’. నియమాలు నడిపితే రెండూ ‘బీవెరె’. స్పానిష్‌వాళ్లకి బతకడమూ తాగడమూ ఒకటేనని లాటిన్‌లో పాత జోకొకటి ఉంది. కానీ అక్కడ అచ్చులు కాపాడాయి, ఒకటి ‘బిబీర్’, ఇంకొకటి ‘బెబేర్’. నా భాషలో కాపాడేది ఏదీ లేదు. ఇరానీ హోటల్లో రోజుకి నాలుగు చాయ్‌లు లాగే మల్లేపల్లి దోస్తు “సరిగ్గానే ఉంది కదా భాయ్, దీన్ని ముట్టుకోకు” అన్నాడు.

నిజం భాషలు ఏం చేశాయో చూస్తే, నియమాన్ని వెనక్కి తిప్పవు. పక్క మాటను తెచ్చుకుంటాయి. వెంట్రుకకి తలవెంట్రుక ‘కపిల్లుమ్’ ఉంది, అది ‘కఫిల్లు’ అవుతుంది, ‘ఫీలు’ దారానికి వదిలేస్తుంది. కాగడాకి ‘చిన్న కాగడా’ అనే ముద్దు రూపం ‘ఫకుల’ ఉంది, ఇటాలియన్ ‘ఫియాక్కొల’ అక్కడిదే. నాకది ‘ఫాక్ల’. తాగడానికి ఇంకో లాటిన్ మాట ‘పోతారె’, అదిక ‘ఫొతారె’. చర్మం, పైత్యం మాత్రం అలాగే ఉంచాను. ఒక వాక్యంలో ఆ రెండూ తారుమారయ్యే సందర్భం వైద్యుడి దగ్గర తప్ప రాదు. నాన్న, అన్న కూడా అంతే, ఆ గొడవ ఇంట్లో వాళ్లే చూసుకుంటారు.

ఆగస్టు 10, ఆదివారం

వ్యాకరణం రెండు వారాలుగా నడుస్తోంది, రాయడానికే తీరలేదు.

లాటిన్ విభక్తులు పోతాయి, ద్వితీయా రూపం ఒక్కటే మిగులుతుంది. ‘సు లూఫు’ తోడేలు, ‘సొస్ లూఫొస్’ తోడేళ్లు. స్త్రీలింగానికి ‘స ఫొర్త’ తలుపు, ‘సస్ ఫొర్తస్’ తలుపులు. నపుంసకం విడిగా ఉండదు, కానీ కొంచెం గుర్తు మిగిల్చాను. గుడ్డు ‘సు ఓవు’, గుడ్లు ‘సస్ ఓవ’. ఇటాలియన్‌లోనూ గుడ్డు ఏకవచనంలో మగ, బహువచనంలో ఆడ.

నా పదో తరగతి మేనకోడలు సెలవులకి వచ్చింది, దానికి నేర్పడం మొదలుపెట్టాను. మొదటి ప్రశ్న: “బల్ల ఆడదెందుకు మామయ్యా?” నిజంగా జవాబు లేదు. “మనం ‘బస్సు వచ్చింది’, ‘అక్క వచ్చింది’ అని రెంటికీ ఒకే క్రియ వాడతాం కదా, అప్పుడు అక్క బస్సా?” అని ఎదురు ప్రశ్న వేసి తప్పించుకున్నాను.

భవిష్యత్తుకి రొమాన్స్ భాషల్లో చాలావాటి దారే పట్టాను. పాడటం ‘కంతారె’, నాకు ఉంది ‘హబెయొ’. పాడాల్సి ఉంది అనేది కాలక్రమంలో పాడతాను అయింది. స్పానిష్‌లో రెండూ అతుక్కుని ‘కంతరే’. నాది ‘కంతరాయొ’. పోర్చుగీసు రాతలో ఇప్పటికీ ఆ అతుకు విప్పి మధ్యలో ‘దాన్ని’ అనే సర్వనామం దూర్చవచ్చు. అతుకు కనపడే చోట భాషను పట్టుకోవడం నాకు భలే ఇష్టం.

ఇష్టం అంటే గుర్తొచ్చింది. ‘నాకు ఇష్టం’ అనడానికి ‘మి ఫ్లాకె’. అచ్చు తెలుగులాగే ‘నాకు’తో మొదలవుతుంది, లాటిన్‌లోనూ అంతే. ఆ ఊపులో ‘నాకు తెలుసు’కి ‘మి సాఫె’ అని రాసేశాను. అది తప్పు. అక్కడ ‘నేను తెలుసుకుంటాను’ అన్నట్టు ‘సాఫొ’ అనాలి.

ఆగస్టు 15

అమ్మ వరంగల్ నుంచి వచ్చింది. రాసుకున్న వాక్యాలు చదివి వినిపించాను. కోడి గుడ్డు పెట్టింది: “ఫుల్ల ఓవు ఫొస్తు అ.”

అమ్మ విని “గిది తెలుగే కదరా, అన్నిటికి ఉ తగిలిచ్చినవ్” అంది.

నవ్వుతూనే కూర్చుని లెక్కపెట్టాను. పురుషలింగం మాటలు చాలావరకు ఉకారంతోనే ముగుస్తున్నాయి: ఓవు, లూఫు, ఫీలు. కాలు, కన్ను, బస్సు, కారు లాగే. తెలుగును ప్రాచ్య ఇటాలియన్ అని బడిలో గొప్పగా చెప్పారు కానీ, రెండూ అచ్చుతో ముగిసే దారులు వేరు. లాటిన్ చివరి హల్లు పోగొట్టుకుని అచ్చు దగ్గర ఆగింది. మనం హల్లుకి అచ్చు చేర్చుకున్నాం, తమిళంలో కాల్ అన్నది మనకి కాలు. ఆ ఉ సార్డీనియాలోనూ ఉంది కాబట్టి దాన్ని తీయను.

కానీ అమ్మ పట్టుకున్నది ఉ ఒక్కటే కాదు. వాక్యం మళ్లీ చూశాను. క్రియ చివర్న ఉంది. ‘సు’, ‘స’ ఎక్కడా లేవు. అంత తుమ్మి సాధించిన మాటని నేనే వాడలేదు! రెండు నెలల్లో రాసిన 46 వాక్యాల్లో 31 ఇలాగే ఉన్నాయి. ధ్వనుల్ని ప్రోగ్రామ్ కాపాడింది, వాక్యాన్ని కాపాడేవాళ్లు లేక తెలుగు వచ్చి కూర్చుంది. రాత్రంతా కూర్చుని దిద్దాను. సరైనది ఇది: “స ఫుల్ల అ ఫొస్తు ఉను ఓవు.”

ఆగస్టు 24, ఆదివారం

మేనకోడలు ఊరెళ్లి వారమైంది. ఇవాళ పొద్దున వాట్సాప్‌లో కోడి ఫోటో, కింద తెలుగు అక్షరాల్లో కఫ్సేసె: “స ఫుల్ల అ ఫొనూతు సెఫ్తె ఓవ.” కోడి ఏడు గుడ్లు పెట్టింది. నేను రాయని మొదటి వాక్యం.

ఏడు సరిగ్గా ఉంది, గుడ్ల బహువచనం సరిగ్గా ఉంది, క్రియ మధ్యలో ఉంది. ‘ఫొనూతు’ మాత్రం నేను నేర్పింది కాదు. పెట్టిన అనడానికి ‘ఫొస్తు’ అని చెప్పాను. అమ్మిన అనడానికి ‘బెందూతు’ అని చెప్పాను. ఆ పిల్ల రెండో దాని అచ్చులో మొదటిదాన్ని పోసింది. పెట్టడం ‘ఫోనెరె’, అమ్మడం ‘బెందెరె’, అలాంటప్పుడు బెందూతు ఉన్నప్పుడు ఫొనూతు ఎందుకు ఉండకూడదు? లాటిన్ పిల్లలూ సరిగ్గా ఇదే చేశారు. ‘ఊతు’ అనే తోక మొదట కొన్ని క్రియలకే ఉండేది, పోలికతో పాకి పాకి ఇటాలియన్‌లో ‘వెందూతో’, ‘అవూతో’ అంటూ డజన్ల కొద్దీ మాటల మీద ఎక్కింది. మేనకోడలికి ఆ చరిత్ర తెలియదు, ఫోను పట్టుకుని తోచినట్టు అనేసింది.

జవాబు టైప్ చేశాను: “ఫొస్తు నోన్ ఫొనూతు.”

పంపకుండా కాసేపు చూశాను. కొట్టేసి, కోడి బాగుంది, పేరేంటి అని అడిగాను. పట్టికలో పెట్టిన అనే మాట ఎదురుగా రెండు గడులు చేసి ఒకదాంట్లో ‘ఫొస్తు, పెద్దవాళ్లు’ అని, రెండోదాంట్లో ‘ఫొనూతు, పిల్లలు’ అని రాశాను. 314.